వైఫై పెట్టె దగ్గర మనిషి

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో వైఫై గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు కాస్త తటపటాయించారు. గ్రంథాలయానికీ వైఫైకీ ఏమిటి సంబంధమన్న ఆ సందేహం తీర్చే ప్రయత్నం చేస్తాను.

నలభై దాటినవారికి పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ గుర్తుండే ఉంటుంది. అద్దాల గది, ఎర్ర అంకెల మీటరు, బయట వరస. ఇంట్లో ఫోను లేనివారిని దూరాన ఉన్న బంధువులతో మాట్లాడించింది ఆ బూతే. అక్కడ యంత్రం కన్నా ముఖ్యం బల్ల వెనక మనిషి. లైను కలవకపోతే మళ్లీ ప్రయత్నించేవాడు, చిల్లర లేకపోతే రేపు ఇమ్మనేవాడు, మీటరు మొరాయిస్తే ఎక్స్ఛేంజికి పరుగెత్తేవాడు. కమీషన్ తనది కాబట్టి.

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం ఆ బూత్ పద్ధతినే వైఫైకి తెచ్చింది. టీ కొట్టువారైనా, కిరాణావారైనా లైసెన్సు, రుసుము లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఆలోచన బంగారం. ఆచరణ మాటేమిటి? కేంద్రం 2018 టెలికాం విధానం 2022 నాటికి కోటి హాట్‌స్పాట్‌లు, అంటే వైఫై దొరికే చోట్లు, అంది. ఆ గడువు దాటి ఏళ్లు గడిచినా లెక్క కొద్ది లక్షల దగ్గరే నిలిచింది.

2016 తర్వాత మొబైల్ డేటా చౌకైందన్నది అందరికీ తెలిసిన కారణం. నాలుగు వందలకు పైగా రైల్వే స్టేషన్లలో నడిపిన ఉచిత వైఫైని విరమించుకుంటూ గూగుల్ 2020లో చెప్పిందీ అదే. తక్కువమంది మాట్లాడే కారణం మరొకటుంది. చిన్న దుకాణదారును ఇంటి బ్రాడ్‌బ్యాండ్ బదులు, పెద్ద సంస్థలకు అమ్మే లీజు లైను కొనమన్నాయి ఇంటర్నెట్ కంపెనీలు. ధర ఎన్నో రెట్లు! రోజుకు నాలుగు వైఫై కూపన్లు అమ్ముకునేవాడు ఆ బిల్లు ఎక్కడ కడతాడు? 200 ఎంబీపీఎస్ వేగం వరకు కనెక్షన్లకు దుకాణదారు దగ్గర ఇంటి ధరకు రెట్టింపు మించి తీసుకోకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో పగ్గం వేసింది. అప్పటికే చాలామంది చేతులు దులుపుకున్నారు.

డేటా చౌక కదా, ఇంకా వైఫై ఎందుకంటారా? పక్క గదిలోకి తొంగి చూడండి. గ్రూప్-2కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలున్నారు. రెండు వీడియో పాఠాలు చూసేసరికి రోజు కోటా అయిపోతుంది. ఆ తర్వాత ఫోను చేతిలో ఉన్నా లేనట్టే.

మా వీధి చివర స్తంభానికీ ఒకప్పుడు ఉచిత వైఫై పెట్టె బిగించారు. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. మొదటి వానకే అది మూగబోయింది. ఎవరికి చెప్పుకోవాలో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు దాని కొక్కేనికి పక్కింటివారి బట్టల తాడు వేలాడుతోంది.

అందుకే వైఫై గ్రంథాలయంలో పెడదాం అంటున్నాను. ఇక్కడ కప్పుంది, కరెంటుంది, అన్నిటికీ మించి రోజూ తలుపు తీసే మనిషి ఉన్నారు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం; అది సవ్యంగా ఇక్కడికి చేరుతోందా అన్నది వేరే ప్రసంగం. 1935లో గుంటూరు జిల్లా కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పినవారి వారసులం. ఒక లైను, రెండు రూటర్లు మనకు బరువా?

కార్యదర్శి గారికి ఒక్క విన్నపం. కనెక్షన్ వచ్చాక, రాత్రి తాళం వేసేటప్పుడు రూటర్ స్విచ్ మాత్రం ఆపేయకండి. మెట్ల మీద ఇంకా ఎవరో ఒకరు చదువుకుంటూ ఉంటారు.