అడ్డం తిరిగిన వీడియోను నిలబెట్టడం ఎలా?

[తెర మీద: చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు. బొమ్మంతా పక్కకు తిరిగి ఉంది.]

మా అక్క కూతురి అన్నప్రాశన ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో నేనే తీశాను. పాప పాక్కుంటూ వెళ్లి పెన్ను పట్టుకుంది, ఒక్క నిమిషం వీడియో. చిత్తూరులో ఉన్న మా అవ్వ రాలేకపోయింది. తర్వాత టీవీలో పెట్టి చూపిస్తే పాప గోడ ఎక్కుతున్నట్టు కనిపించింది. పాపం, అవ్వ మెడ పక్కకు వంచుకుని చూసింది. నాకు చాలా బాధేసింది. అప్పుడే ఇదంతా కూర్చుని నేర్చుకున్నాను.

ఇలా ఎందుకవుతుందో ముందు చూద్దాం. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా, మామూలుగా లోపల ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ) అడ్డంగానే, అంటే వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్లుగానే రికార్డవుతాయి. వాటితో పాటు ‘చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు’ అని ఒక గుర్తును ఫోన్ ఫైల్లో రాసిపెడుతుంది. ఫోన్ ఎటు తిరిగి ఉందో కనిపెట్టేది యాక్సిలరోమీటర్. అది భూమి ఎటు లాగుతోందో చూసి చెబుతుంది. చాప మీద పాపను పైనుంచి తీసేటప్పుడు ఫోన్ నేలను చూస్తుంటుంది కదా, అప్పుడు నిలువో అడ్డమో దానికి తేలదు. పైగా చాలా ఫోన్లలో రికార్డ్ నొక్కిన క్షణంలో ఏ దిశ అనుకుందో, చివరిదాకా అదే ఉండిపోతుంది. నా వీడియోకు జరిగింది ఇదే.

గుర్తు సరిగ్గా ఉన్నా ఒక్కోసారి పాత ప్లేయరో, పాత ఎడిటరో దాన్ని చదవదు. అందుకని తిప్పే ముందు అదే ఫైలును ఫోన్లోనూ, కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లోనూ చూడండి. రెండు చోట్లా నిటారుగా ఉంటే ఫైలు బాగానే ఉన్నట్టు. దాన్ని తిప్పొద్దు, సాఫ్ట్‌వేర్ మార్చండి.

[తెర మీద: గూగుల్ ఫొటోస్]

నిజంగానే అడ్డంగా ఉంటే, ఫోన్లో గూగుల్ ఫొటోస్ చాలు. వీడియో తెరిచి ఎడిట్, అందులో క్రాప్, అక్కడ తిప్పే గుర్తు. కాపీగా సేవ్ చేయండి, ఒరిజినల్‌ను మాత్రం చెరపొద్దు.

[తెర మీద: క్లిప్‌చాంప్]

కంప్యూటర్లో ఒకప్పుడు అందరం విండోస్ మూవీ మేకర్ వాడేవాళ్లం. దాన్ని 2017 జనవరిలో ఆపేశారు. ఇప్పుడు విండోస్ 11లో క్లిప్‌చాంప్ అనే వీడియో ఎడిటర్ ఉంది. క్లిప్‌ను కింద టైమ్‌లైన్ మీదికి లాగి, దాన్ని నొక్కి, రొటేట్ బటన్ నొక్కండి. ఎటు తిప్పాలో ఇలా గుర్తుపెట్టుకోండి: మనిషి తల ఎడమ వైపు ఉంటే గడియారం ముల్లు తిరిగే దిశలో ఒకసారి, కుడి వైపు ఉంటే మూడుసార్లు.

వీఎల్‌సీలో కూడా తిప్పొచ్చు. టూల్స్, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, వీడియో ఎఫెక్ట్స్, జామెట్రీ. కానీ అక్కడ తిరిగేది మీరు చూసే బొమ్మే, ఫైలు మారదు.

తిప్పాక చాలామంది ఫ్రేమ్ ఆకారం సంగతి, అంటే అది నిలువా అడ్డమా అన్నది మర్చిపోతారు. మే నెలలో మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ల వీడియో నిలువుగా తీశారనుకోండి. దాన్ని టీవీ సైజు 16:9లో పెడితే 1080 ఎత్తులో, 1920 వెడల్పుకు బదులు 608 మాత్రమే వస్తుంది, తెరలో మూడో వంతు కూడా నిండదు. పక్కన నల్లగా ఉందని జూమ్ చేస్తే మూడింట రెండు వంతుల బొమ్మ తెగిపోతుంది. వేషం కట్టిన మనిషి తల మీది పూలు, కాళ్ల గజ్జెలు రెండూ కనిపించవు. వేషాన్ని నరికి చూపించడం కంటే పక్కన నలుపు ఉండటమే నాకు నయమనిపిస్తుంది. ఫోన్లో చూసుకోవడానికైతే క్లిప్‌చాంప్‌లో నిలువు సైజు 9:16 ఎంచుకోండి, నిండుగా వస్తుంది.

ఇంకోటి, ఎడిటర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ వీడియో మళ్లీ కుదించబడి క్వాలిటీ కొంచెం పోతుంది. వాట్సాప్‌లో వచ్చిన కాపీ అప్పటికే నలిగి ఉంటుంది. తీసినవాళ్లను అడిగి ఒరిజినల్ తెచ్చుకుని, తిప్పడం, కత్తిరించడం అన్నీ ఒకేసారి ముగించండి.

[తెర మీద: గోడకు ఎదురుగా నిటారుగా పట్టుకున్న ఫోన్]

పైనుంచి తీయాల్సి వస్తే ఫోన్‌ను ముందు ఇలా గోడ వైపు నిటారుగా పట్టుకోండి. రికార్డ్ నొక్కి, రెండు సెకన్లు ఆగి, అప్పుడు మెల్లగా కిందికి వంచండి. మొదటి రెండు సెకన్లు తర్వాత కత్తిరించుకోవచ్చు. పాపకు చెవులు కుట్టించినప్పుడు ఇలాగే తీశాను. ఈసారి అవ్వ మెడ వంచకుండా చూసింది.