ఎవరు ఎవరిని కలిశారు?

శ్రోతలకు నమస్కారం.

ఫలానా అధికారి ఫలానా విదేశీ కంపెనీ మనిషిని కలిశాడట అని కొన్నాళ్ళకోసారి టీవీల్లో గగ్గోలు రేగుతుంది. ఒక పక్షం దేశాన్ని అమ్మేశారంటుంది. ఇంకో పక్షం అది మర్యాదకు కలవడమే అంటుంది. నాలుగో రోజుకి ఇంకో వార్త వస్తుంది, ఇది మరుగున పడుతుంది. వచ్చినవాడు ఎవరి తరఫున వచ్చాడు, ఏ ఫైలు కోసం వచ్చాడు అన్నది మాత్రం ఎవరూ తేల్చరు.

నేను బెంగళూరులో ఒక ప్రభుత్వ సంస్థ కొనుగోళ్ళ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఊళ్ళో హెచ్‌ఏఎల్, బీఈఎల్, ఇస్రో, డీఆర్‌డీఓ లాంటి ప్రభుత్వ విమాన, రక్షణ, అంతరిక్ష సంస్థల్లో మన తెలుగువాళ్ళు లేని చోటు ఉండదు. విదేశీ కంపెనీల వాళ్ళను కలవడం అక్కడ కొత్త కాదు, నేరమూ కాదు. 1996 నుంచి యలహంకలో రెండేళ్ళకోసారి ఏరో ఇండియా విమానాల, రక్షణ పరికరాల ప్రదర్శన జరిగేదే అందుకు. అమ్మేవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగకుండా కోట్ల రూపాయల యంత్రం ఎలా కొంటాం?

మా గేటు దగ్గర సెక్యూరిటీ టేబుల్ మీద ఒక పొడుగాటి రిజిస్టర్ ఉండేది. పేరు, కంపెనీ, ఎవరిని కలవాలి, ఏ పని మీద, లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము, సంతకం. ‘ఏ పని మీద’ అన్న గడిలో చాలామంది ‘అఫీషియల్’ అని రాసేసి వెళ్ళిపోయేవారు. టెండరు మాట్లాడటానికి వచ్చినవాడూ అఫీషియలే, కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడూ అఫీషియలే. అయినా పేరైతే మిగిలేది. రేపు విజిలెన్స్ వాళ్ళు అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండేది. హోటల్ లాంజ్‌లో కాఫీ తాగుతూ సాగే మాటలకు ఆ కాగితం కూడా ఉండదు. ‘కన్సల్టెంట్’ అని కార్డు వేయించుకుని, “ఏ ఊరండీ మీది, నెల్లూరా? మాదీ అటువైపేనండీ” అంటూ మాట కలిపే పెద్దమనుషుల జాడ ఏ రిజిస్టర్‌లోనూ దొరకదు. నన్ను భయపెట్టేది అదే.

2012 సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిల్లర వర్తకంలో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి కేంద్రం ఆ సెప్టెంబరులో దారి తెరిచింది. డిసెంబరులో పార్లమెంటు దద్దరిల్లింది. అమెరికా చిల్లర వర్తక కంపెనీ వాల్‌మార్ట్ 2008 నుంచి లాబీయింగ్‌కి, అంటే ప్రభుత్వాల దగ్గర పైరవీకి, దాదాపు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందనీ, ఆ డబ్బుతో నడిపిన అనేక వ్యవహారాల్లో భారత్ మార్కెట్ కూడా ఒకటనీ బయటపడింది. ఆ ఖర్చంతా అమెరికాలో చట్టప్రకారం చేసిందేనని కంపెనీ చెప్పింది. ప్రభుత్వం ఒక రిటైర్డ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తితో విచారణ వేసింది. మన దేశంలో పైరవీ జరిగిందో లేదో ఆ విచారణలో తేలనే లేదు.

అసలు ఆ లెక్క మనకు దొరికింది ఎక్కడ? లాబీయింగ్ ఖర్చులు వెల్లడించాలనే 1995 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ కంపెనీ అమెరికా సెనేటుకు మూడు నెలలకోసారి ఇచ్చుకునే పత్రాల్లో. ఢిల్లీలో జరిగిన నిర్ణయం గురించి నిలదీయడానికి మన ఎంపీలకు వాషింగ్టన్ కాగితాలే దిక్కయ్యాయి. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

విదేశీ ప్రభుత్వాల తరఫున పనిచేసేవాళ్ళు ఆ సంగతి వెల్లడించాలని అమెరికాలో 1938 నుంచే వేరే చట్టం ఉంది. నాజీల ప్రచారానికి అడ్డుకట్ట వేయడానికి తెచ్చిన చట్టం అది. వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయం ఏ లాబీ సంస్థను పెట్టుకుంది, ఎంత ఇస్తోంది అన్నది బెంగళూరు మారతహళ్ళిలో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు. అదే మన కర్ణాటక సచివాలయం విధానసౌధలో ఎవరు ఎవరి కోసం తిరుగుతున్నారో చూడాలంటే మాత్రం దారి లేదు.

రాసి పెట్టినంత మాత్రాన లంచాలు ఆగవు, నిజమే. అమెరికా సెనేటర్ బాబ్ మెనెండెజ్ ఇంట్లో బంగారు కడ్డీలు, నోట్ల కట్టలు దొరికాయి. ఈజిప్టు కోసం పనిచేశాడని 2024లో జ్యూరీ తేల్చింది, 2025లో 11 ఏళ్ళ జైలు శిక్ష పడింది. అయితే ఆయన చేసిన పనికి అక్కడి చట్టంలో ఒక పేరు ఉంది కాబట్టి కేసు నిలబడింది.

మనకూ ఒక చేదు అనుభవం ఉంది. 2001లో తెహల్కా అనే వార్తా వెబ్‌సైటు విలేకరులు రహస్య కెమెరాలతో, లండన్ ఆయుధ కంపెనీ మనుషులమని చెప్పుకుని ఢిల్లీ అంతా తిరిగారు. అలాంటి కంపెనీయే లేదు. అయినా సైనికాధికారుల దాకా, అప్పటి అధికార పార్టీ బీజేపీ అధ్యక్షుడి దాకా వెళ్ళగలిగారు. లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకు చిక్కిన ఆ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్, మన హైదరాబాద్ మనిషి. మన తెలుగువాడు అంత ఎత్తుకు ఎదిగాడని సంతోషించిన మాలాంటివాళ్ళం ఆ రోజు తల ఎత్తుకోలేకపోయాం. 2012లో కోర్టు ఆయనకు నాలుగేళ్ళ శిక్ష వేసింది. మీ కంపెనీ ఎక్కడ నమోదైంది, కాగితాలు చూపించండి అని దారిలో ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే ఆ విలేకరులు మొదటి గుమ్మంలోనే ఆగిపోయేవారు.

ఈ విషయంలో ఏ పార్టీనీ వెనకేసుకురాను. కాంగ్రెస్, బీజేపీ రెండూ ఒక విదేశీ కంపెనీ అనుబంధ సంస్థల నుంచి డబ్బు తీసుకుని విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అందుకని మార్చింది తమ తీరును కాదు, చట్టాన్ని. విదేశీ కంపెనీ అన్న నిర్వచనాన్ని 2016లో సడలించారు. 2018లో ఆ సడలింపును 1976 నుంచే వర్తించేలా వెనక్కి జరిపారు, అదీ లోక్‌సభలో చర్చ లేకుండా. అదే ఒక పల్లెటూళ్ళో బడి నడుపుకునే సంస్థకు విదేశాల నుంచి పది వేలు రావాలన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండి తీరాలి. కాబట్టి ‘విదేశీ ఏజెంట్’ అని ఎవరైనా ఎవరినైనా తిడుతుంటే నేను తొందరపడి నమ్మను. గిట్టనివాళ్ళ నోరు నొక్కడానికి ఆ ముద్ర బాగా పనికొస్తుంది.

నేను కోరేది చిన్న పని. మంత్రి, కార్యదర్శి, ప్రభుత్వ సంస్థ డైరెక్టరు బయటివాళ్ళను ఎవరిని కలిసినా తేదీ, పేరు, ఎవరి తరఫున, ఏ విషయం మీద అన్నవి శాఖ వెబ్‌సైట్లో పెట్టాలి. యూరోపియన్ కమిషన్ 2014 చివరి నుంచి లాబీయిస్టులతో జరిగిన సమావేశాలను రెండు వారాల్లో వెల్లడిస్తోంది. రక్షణ రహస్యాలుంటే వాటిని పక్కన పెట్టండి, ఎవరూ కాదనరు. దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఎవరూ అడక్కుండానే సమాచారాన్ని జనం ముందు పెట్టమని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతూనే ఉంది. శాఖలు వాటంతట అవి పెట్టేదాకా ఆ చట్టం కింద మనమే అడుగుదాం. కేంద్ర శాఖలకైతే దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. గత ఏడాది మీ కార్యదర్శిని కలిసిన కంపెనీల ప్రతినిధులు ఎవరు అని ఒక్క ప్రశ్న రాసి పంపండి.

నమస్కారం.