అన్నా గెర్మన్ తండ్రిని చంపింది ఎవరు? సీరియల్ దాచిన నిజం!

సూటిగా చెప్తున్నా, కోపం వస్తే రానివ్వండి. సోవియట్ కాలం గాయకుల మీద తీసే ఈ బయోపిక్ సీరియల్స్, ప్రభుత్వం చేసిన నేరాన్ని తెచ్చి ఒక్కడి ప్రేమ పిచ్చి ఖాతాలో రాసేస్తున్నాయి!

సోవియట్‌లో కూడా పేరు తెచ్చుకున్న పోలండ్ గాయని అన్నా గెర్మన్ మీద 2012లో వచ్చిన సీరియల్ గురించి కొట్టుకుంటూనే ఉన్నారు కదా. ఏడుపు ఆగలేదని కొందరు, అంతా కల్పితమని కొందరు. కల్పన ఉంటే ఉండనివ్వండి. ఎక్కడ కల్పించారన్నదే నా గొడవ.

అందులో లవ్రిషిన్ అనే పాత్ర ఉంది. ఎన్‌కెవిడి ఆఫీసర్, అంటే స్టాలిన్ రహస్య పోలీసు. అన్నా తల్లి ఇర్మా మీద మనసుపడి ఆ కుటుంబాన్ని వెంటాడతాడు. వీడు కల్పిత పాత్ర!

మరి నిజంగా జరిగిందేంటి? అన్నా 1936లో ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్‌లో పుట్టింది. తండ్రి లెక్కలు రాసుకునే ఉద్యోగి, జర్మన్ వంశం. 1937 జులైలో ఎన్‌కెవిడి అధిపతి యెజోవ్ 00439 నంబరు ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. ఆయుధ ఫ్యాక్టరీల్లో ఉన్న జర్మనీ పౌరులతో మొదలై, అది సోవియట్ జర్మన్ల మీదికీ పాకింది. ఆ ఏడాదే అన్నా తండ్రిని పట్టుకెళ్లారు, 1938లో కాల్చేశారు. ఇందులో మోజు ఎక్కడుంది? ఆఫీసులో కూర్చుని లిస్టులు తయారు చేశారు, అంతే. ఇర్మా ముఖం చూసినవాడే అక్కర్లేదు!

ఇంకా గట్టి దెబ్బ ఏంటో తెలుసా? పాట. తెర మీద పెదాలు కదిపేది నటి యొవాన్నా మోరో, వినిపించేది అన్నా అసలు గొంతు. పఖ్ముతోవా బాణీ కట్టిన 'నదేజ్దా' పాట మొదలవగానే మనం కరిగిపోతాం. 1967లో ఇటలీలో కారు ప్రమాదంలో నుజ్జునుజ్జయి, ఏళ్ల తర్వాత మళ్లీ లేచి నిలబడ్డ మనిషి గొంతు అది, కరగకుండా ఎలా ఉంటాం? గొంతు నిజం కాబట్టి కథ కూడా నిజమే అనుకుంటాం. లవ్రిషిన్‌కి దొంగ సర్టిఫికెట్ ఇస్తున్నది ఆ గొంతే. నాకు మండేది ఇక్కడే!

సోవియట్ గాయకుడు మగొమాయెవ్ మీద 2020లో వచ్చిన సీరియల్ చూడండి. కథకి వెన్నెముక ఏంటి? ఒపెరా గాయని తమారా సిన్యావ్‌స్కయాతో ప్రేమ. బాగుంది, వాళ్లిద్దరి ప్రేమ నిజమే. కానీ నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు డ్రామా ఒక జీతాల పట్టీలో ఉంది. రష్యాలోని రస్తోవ్ స్టేడియంలో పాడితే 202 రూబుళ్లకు బదులు 606 రూబుళ్లు ఇచ్చారు. ఆయన ప్యారిస్‌లోని ఒలింపియా హాల్లో పాడుతుంటే సోవియట్‌లో కేసు! సొంత రిపబ్లిక్ అజర్‌బైజాన్ దాటి కచేరీలు చేయకూడదన్నారు. ఆయన బాకూలోని సంగీత కళాశాల, కన్సర్వేటరీకి వెళ్లి, ఆగిపోయిన పరీక్షలు రాసేశాడు. దేశమంతా పిచ్చెక్కిపోయే గాయకుడికి కూడా రేటు ప్రభుత్వమే కడుతుంది, మీరితే కేసు పెడుతుంది. ఎంత గొప్ప కథ ఇది! ప్రేమకి ఇచ్చినన్ని ఎపిసోడ్లు ఆ 606 రూబుళ్లకి ఇచ్చి చూడండి, ఒక్కరు కూడా టీవీ ముందు నుంచి లేవరు.