కిట్ లెన్స్ కొన్న రోజే మీరు మోసపోయారు

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను, కటువైన మాటను ముందే చెప్పేస్తాను. మన జిల్లాలోనైనా, అటు పాలమూరులోనైనా కొత్తగా కెమెరా కొనేవారిలో చాలామంది ఉన్న డబ్బంతా బాడీ మీద, అంటే లెన్స్ కాక మిగిలిన కెమెరా మీద పోసి, లెన్స్ దగ్గరకు వచ్చేసరికి డబ్బాలో ఏది ఉంటే దానితో, అంటే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటున్నారు. మోసం జరిగేది సరిగ్గా అక్కడే. ఆ తరువాత ఫొటోలు మసకగా వస్తే తప్పు తమ చేతిదేమోనని బాధపడతారు, రెండేళ్లు తిరగకముందే ఆ బాడీని అమ్మేసి ఇంకా ఖరీదైన బాడీ కొంటారు, దానికి మళ్లీ అలాంటి లెన్సే తగిలిస్తారు. ఐదు హార్స్‌పవర్ మోటారు బిగించి అరంగుళం పైపు వేసి, నీళ్లు రావడం లేదని మోటారును తిట్టేవారికీ వీరికీ తేడా ఏమిటో నాకైతే కనిపించడం లేదు.

లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్, ఆ అద్దం లేని కొత్త రకం మిర్రర్‌లెస్. "డీఎస్‌ఎల్‌ఆర్ చచ్చిపోయింది" అనే వీడియోలు మీరందరూ చూసే ఉంటారు కాబట్టి ఆ గొడవను రెండు ముక్కల్లో ముగిస్తాను. 1డీ ఎక్స్ మార్క్ 3 తమ చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్ అవుతుందని కానన్ అధిపతి 2021 డిసెంబరులో చెప్పిన మాట నిజం. నికాన్ ఇక కొత్త ఎస్‌ఎల్‌ఆర్‌ల రూపకల్పన ఆపేస్తోందని 2022 జులైలో జపాన్ పత్రిక నిక్కే రాసిన మాటా నిజమే. అయితే అది ఊహాగానమేనని, తయారీ, అమ్మకం, సర్వీసు కొనసాగుతున్నాయని నికాన్ వెంటనే ప్రకటించింది. ఈ రెండో సగాన్ని మాత్రం మన వీడియోల మహానుభావులు మింగేస్తారు. కొత్త మోడల్ రాదన్నంత మాత్రాన నిన్నటిదాకా చక్కగా పెళ్లిళ్లు తీసిన నికాన్ డీ750 ఈ రోజు పొద్దున లేచి ఫొటో తీయడం మానేస్తుందా?

ఇప్పుడు లెక్కకు వద్దాం, ఎందుకంటే నా కోపమంతా ఈ లెక్కను దాచిపెట్టినందుకే. డబ్బాలో వచ్చే 18-55 ఎంఎం లెన్స్‌ను (ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరవుతుంది) 55 దాకా జూమ్ చేస్తే దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఆ రంధ్రం పెద్దదవుతుంది. అదే సమయంలో పది వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే మామూలు 50 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేసి చూడండి, దాదాపు 10 వస్తుంది. అంటే సెన్సర్ (ఫొటోను పట్టే పలక) మీద పడే వెలుతురు పది రెట్లు. ఫంక్షన్ హాలులో రాత్రి ముహూర్తానికి కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలనే అంకె, అది పెరిగితే ఫొటోలో గరుకు పెరుగుతుంది) 6400 పెడితే తప్ప దక్కని ఫొటో, అదే బాడీకి, అదే షట్టర్ స్పీడుకు, ఈ లెన్స్‌తో ఐఎస్ఓ 640 దగ్గరే దక్కుతుంది. బాడీ మార్చి పది రెట్ల తేడా తెచ్చుకోవాలంటే ఎంత ఖర్చవుతుందో కెమెరా దుకాణంలో అడిగి చూడండి, అప్పుడు నా కోపం మీకూ వస్తుంది.

కిట్ లెన్స్ మీద వణుకు తగ్గించే ఐఎస్ అనో, వీఆర్ అనో రాసి ఉంది కదా, చీకట్లో అది కాపాడదా అని అడిగేవారు తప్పకుండా ఉంటారు. అది మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడే వేళ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లను పట్టుకోవాలంటే షట్టర్ కనీసం 1/125 సెకను దగ్గర ఉండాలి, చేయి జోరుగా ఆడేచోట 1/250 కావాలి, అంత వేగానికి వెలుతురు ఇచ్చేది తెరుచుకున్న అపర్చర్ ఒక్కటే. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం. పగలంతా గర్భగుడిలో ఒక స్తంభం నీడ నిలిచి ఉండే ఆ గుడిలో ఫ్లాష్ కొట్టారంటే ఏ నీడ కోసం వెళ్లారో ఆ నీడనే చెరిపేసుకుంటారు. అయితే స్టాండు పెట్టడానికి అనుమతి దొరికితే అక్కడ కిట్ లెన్స్ కూడా చక్కగా పనిచేస్తుందని నేనే ఒప్పుకుంటాను, ఎందుకంటే గోడ కదలదు, నీడ కూడా తొందరపెట్టదు, షట్టర్‌ను ఒక సెకను తెరిచి ఉంచినా అడిగేవారు లేరు. పాలమూరు పిల్లలమర్రి సంగతీ ఇంతే. సుమారు మూడెకరాలకు విస్తరించిన ఆ మర్రిని ఒక్క ఫొటోలో చూపాలంటే కావలసింది వెడల్పు. కానన్ 10-18 లాంటి చవక వైడ్ లెన్స్‌ను ఎఫ్ 8 దగ్గర పెట్టి తీస్తే హాయిగా వస్తుంది. మనిషి కదిలే చోటే కిట్ లెన్స్ మోసం బయటపడుతుంది, మనం కెమెరా కొనేది మనుషుల కోసమే.

పాలమూరు పేరు ఎత్తాను కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1890లో ఈ జిల్లాకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదనే వచ్చింది, లాలా దీన్‌దయాళ్‌ను తన ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పెట్టుకుని 1894లో రాజా బిరుదు ఇచ్చినదీ ఆ నిజామే. ఆ దీన్‌దయాళ్ తీసిన చిత్రాలను ఒకసారి వెతికి చూడండి. ఆయన దగ్గర ఆటోఫోకస్ లేదు, ఐఎస్ఓ అనే మాటే పుట్టలేదు, ఉన్నది ఒక చెక్కపెట్టె, గాజు పలకలు, ముందు ఒక మంచి లెన్స్, వెలుతురు ఏ పక్క నుంచి వస్తోందో చూసే కన్ను. నూట ముప్పై ఏళ్ల తరువాత కూడా ఆ ఫొటోల్లో తలపాగా మడతలు లెక్కపెట్టవచ్చు. మరి మన కుర్రాడు ఇంటర్నెట్‌లో మూడు నెలలు వెతికేది మెగాపిక్సెళ్ల గురించి, అంటే ఫొటోలో ఎన్ని చుక్కలనే లెక్క గురించి! పెళ్లి ఆల్బంలో 12 బై 36 అంగుళాల షీటుకు రెండు పేజీలు, ఒక్కో పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా 3600 బై 5400, అంటే 2 కోట్ల పిక్సెళ్ల లోపే సరిపోతుంది. 2014 నాటి డీ750లో, 2016 నాటి కానన్ 80డీలో ఉన్నవి 2 కోట్ల 40 లక్షలు.

ఇక నా సిద్ధాంతం వినండి, నచ్చకపోతే కామెంట్లలో తిట్టండి. డీఎస్‌ఎల్‌ఆర్ చచ్చిపోయిందనే ప్రచారం అసలు బాడీలు అమ్మడానికి కాదు, మన చేత లెన్స్‌లన్నీ మళ్లీ కొనిపించడానికి అని నా గట్టి నమ్మకం. బాడీకి లెన్స్ బిగించే చోటును మౌంట్ అంటారు, మౌంట్ మారితే పాత లెన్స్ నేరుగా బిగియదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి ఉంది. ఇన్నేళ్లలో తయారైన లెన్స్‌లు సెకండ్‌హ్యాండ్‌లో గుట్టలుగా తిరుగుతుంటే కొత్త లెన్స్ ఎవరు కొంటారు? 2018లో మిర్రర్‌లెస్ కోసం ఇద్దరూ మౌంట్లు మార్చారు. అద్దం తీసేశాక లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం కానన్‌లో 44 మిల్లీమీటర్ల నుంచి 20కి తగ్గింది, దాని వల్ల లెన్స్ రూపకల్పనలో కొన్ని లాభాలు ఉన్న మాట నిజమే, నేను కాదనను. కాని ఆ తరువాత జరిగినది చూడండి: కానన్ కొత్త మౌంట్ అయిన ఆర్‌ఎఫ్‌కు ఆటోఫోకస్ లెన్స్‌లు చేసి చవకగా అమ్ముతున్న విల్‌ట్రాక్స్ సంస్థను 2022లో కానన్ అమ్మకాలు ఆపేయమంది, సిగ్మా, టామ్రాన్ అనే వేరే కంపెనీల లెన్స్‌లు ఆ మౌంట్‌కు అనుమతితో వస్తాయనే ప్రకటన కోసం 2024 దాకా ఆగవలసి వచ్చింది. తలుపు ఎవరి కోసం మూశారో, ఎన్నేళ్లు మూశారో మీరే ఆలోచించండి.

వారు చెప్పని ఇంకో సంగతి ఏమిటంటే, ఆ 44కూ 20కీ మధ్య 24 మిల్లీమీటర్ల ఖాళీ ఉండడం వల్లనే మధ్యలో ఒక అడాప్టర్ బిగించి పాత ఈఎఫ్ లెన్స్‌ను కొత్త కానన్ మిర్రర్‌లెస్ మీద ఆటోఫోకస్‌తో సహా వాడుకోవచ్చు. అంటే ఈ రోజు మీరు కొన్న 50 ఎంఎం రేపు బాడీ మారినా మీతోనే వస్తుంది. నికాన్‌వారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి ఏఎఫ్-ఎస్ అనో, ఏఎఫ్-పీ అనో రాసి ఉన్న, తనలోనే మోటారు ఉన్న లెన్స్‌నే కొనాలి. "అన్నా, గీ 50 ఎంఎం సగం ధరకే ఇస్త" అని దుకాణంలో మోటారు లేని ఏఎఫ్-డీ లెన్స్ చేతిలో పెడితే, ఇంటికి వచ్చాక ఫోకస్‌ను చేత్తో తిప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది. మోటారు ఉన్న బాడీ కావాలంటే డీ7200 లాంటివి వెతకండి. అలాగే కానన్ 200డీ మార్క్ 2 కొనేవారు దాని ఫ్లాష్ బిగించే చోటును ఒకసారి వేలితో తడిమి చూడండి: అక్కడ మధ్యలో ఉండవలసిన పిన్ను లేదు, మామూలు చవక ఫ్లాష్‌లు, ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్లు దాని మీద పనిచేయవు. కంపెనీ ఆ చిన్న పిన్నులో ఎంత మిగుల్చుకుందో గాని, దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఏ లెన్స్ కొనాలి? చిన్న సెన్సర్ బాడీ మీద 50 ఎంఎం, పెద్ద (ఫుల్‌ఫ్రేమ్) సెన్సర్ లెక్కలో కానన్‌లో 80లా, నికాన్‌లో 75లా కనిపిస్తుంది, ముఖాలకు అది అద్భుతం, ఇరుకు ఇళ్లలో మాత్రం వెనక్కు జరగడానికి చోటుండదు. పోచంపల్లిలో మగ్గం గుంట పక్కన నిలబడి తీయాలంటే నికాన్‌వారికి 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్, కానన్‌వారికి 24 ఎంఎం ఎఫ్ 2.8 సరైనవి. జూమ్ లేనిదే కాలు కదపలేమనేవారు సిగ్మా 17-50 ఎఫ్ 2.8ను వాడినది కొనుక్కోండి. వీడియోలే మీ పని అయితే, పెళ్లి సినిమాటోగ్రఫీయే మీ జీవనోపాధి అయితే మాత్రం మిర్రర్‌లెస్సే కొనండి. కంటిని వెంబడించే ఆ ఫోకస్ ముందు పాత బాడీలు నిలవవు, అక్కడ నాకు వాదన లేదు.

వాడిన సరుకు కోసం కోఠి వెళ్లేవారు జేబులో చిన్న టార్చి పెట్టుకుని వెళ్లండి. లెన్స్‌ను రెండు మూతలూ తీసి, వెనుక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దారపు పోగుల్లాంటి గీతలు అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి. బాడీని ఎఫ్ 16లో పెట్టి తెల్లటి గోడను ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ అయితే ఫొటో ఫైలులోనే రాసి ఉంటుంది, కానన్‌లో చాలా మోడళ్లకు అది ఫైలులో దొరకదు, సాఫ్ట్‌వేర్ కావాలి. డీ750 షట్టర్‌ను 1,50,000 సార్లకు, 80డీ షట్టర్‌ను 1,00,000 సార్లకు పరీక్షించామని కంపెనీలు చెప్పాయి. పెళ్లి స్టూడియో నుంచి వచ్చిన బాడీ ఆ అంకెకు దగ్గరపడి ఉంటే షట్టర్ మార్పించే ఖర్చును ధరలో నుంచి తగ్గించమని అడగండి, తగ్గించకపోతే పక్క దుకాణానికి నడవండి.