డాకర్ గుంట: సొంత కమాండ్ చేర్చడం, అందులో జారిపడే చోట్లు

నమస్తే. నెల్లూరు, కావలి, ఒంగోలు, యాడ నుంచి చూస్తున్నా సరే, ముందు టెర్మినల్ తెరిచి పెట్టుకోండి.

రొయ్యల గుంటల్లో ఆక్సిజన్, ఉప్పు శాతం, పీహెచ్ నమోదు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనుకుందాం. డాకర్ అంటే ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో, అంటే కంటైనర్లలో నడిపేది. ఇక్కడ కంటైనర్లు మూడు. కొలతలు అందుకునేది ఒకటి, వాటిని దాచేది ఒకటి, ఆక్సిజన్ పడిపోతే ఫోన్‌కి మెసేజ్ పంపేది ఒకటి. మూడింటికీ ఒకే లేబుల్. వీటిని చూడాలంటే రోజూ ఫిల్టరు, లేబులు, ఫార్మాటు అని బారెడు కమాండ్ కొట్టాలి. అదంతా 'డాకర్ గుంట లిస్ట్' అంటే అయిపోవాలి. ఇంతే మన పని.

దీనికి డాకర్ సోర్స్ జోలికి పోనక్కర్లేదు. 2019లో వచ్చిన 19.03 వెర్షన్ నుంచి ఈ దారి ఉంది. మీరు వాడే డాకర్ కంపోజ్ కూడా ఇలా పక్కన పెట్టిన ఫైలే, బిల్డెక్స్ కూడా అంతే. డాకర్ హెల్ప్ కొడితే వాటి పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, ఆ గుర్తున్నవన్నీ ప్లగిన్లే.

ఫైలు పేరు 'డాకర్ హైఫన్ గుంట'. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాయాలి. డాకర్ హైఫన్ తర్వాత వచ్చే పేరు అక్షరంతో మొదలవ్వాలి, అందులో అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంకో హైఫన్ పెడితే చెల్లదు. షెల్ స్క్రిప్టే కదా అని చివర డాట్ ఎస్‌హెచ్ తగిలిస్తే, చుక్క వచ్చింది కాబట్టి అదీ చెల్లదు. హోమ్ డైరెక్టరీలో డాట్ డాకర్ ఫోల్డరు, దాన్లో సీఎల్ఐ హైఫన్ ప్లగిన్స్ ఫోల్డరు. ఫైలు అక్కడ పెట్టి, సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్‌తో నడిపే పర్మిషన్ ఇవ్వండి.

ఇక డాకర్ ఆ ఫైలును ఒక ప్రశ్న అడుగుతుంది. 'డాకర్ సీఎల్ఐ ప్లగిన్ మెటాడేటా' అనే మాటను, మధ్యలో హైఫన్లతో, మొదటి ఆర్గ్యుమెంటుగా ఇచ్చి మన ఫైలును నడుపుతుంది. మనం జేసన్‌లో జవాబు చెప్పాలి. స్కీమా వెర్షన్ 0.1.0, వెండర్ పేరు, మన వెర్షన్, ఒక వాక్యం వివరణ. వెండర్ ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. కమాండ్ వాడిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది, హెల్ప్ కొట్టినా వస్తుంది. అందుకే జవాబు స్క్రిప్టు మొదట్లోనే ఇచ్చి బయటపడండి. దానికి ముందు 'స్వాగతం' అని ఒక ఎకో పెట్టినా జేసన్ చెడిపోతుంది.

ఎక్కువమంది తల పట్టుకునేది ఈ దగ్గరే. ప్లగిన్‌లో తప్పుంటే డాకర్ ఆ తప్పేందో చెప్పదు. అసలు అలాంటి కమాండే లేదంటుంది. ఫైలు లేకపోయినా అదే మాట, ఫైలుండి చెడిపోయినా అదే మాట. కారణం కావాలంటే 'డాకర్ ఇన్ఫో' కొట్టండి, అక్కడ హెచ్చరికగా రాసి ఉంటుంది. పర్మిషన్ డినైడ్ అంటే ప్లస్ ఎక్స్ మర్చిపోయారు. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటే మొదటి లైన్లో షీబ్యాంగ్, అంటే స్క్రిప్టును దేంతో నడపాలో చెప్పే మాట, లేదు. ఫైలు కళ్లముందే ఉన్నా నో సచ్ ఫైల్ అంటుంటే, విండోస్ ఎడిటర్లో సేవ్ చేసిన లైన్ ఎండింగులు షీబ్యాంగ్‌కి అంటుకున్నాయి, డాస్ టు యూనిక్స్ కొట్టండి. బిల్ట్ఇన్ కమాండ్‌కి నకలు అంటే, లాగ్స్, పీఎస్ లాంటి ఉన్న పేరే మీరూ పెట్టారు.

సబ్‌కమాండ్ల సంగతికొద్దాం. 'డాకర్ కంటైనర్' కింద మన సబ్‌కమాండ్ దూర్చడం ఈ దారిలో కుదరదు. సొంత పై పేరు కిందే పెట్టుకోవాలి. 'డాకర్ గుంట లిస్ట్' అంటే స్క్రిప్టుకి మొదటి ఆర్గ్యుమెంటుగా వచ్చేది లిస్ట్ కాదు, గుంట. మొదటి ఆర్గ్యుమెంటును తీసేసే షిఫ్ట్ ఒకటి వేసి, ఆ తర్వాత కేస్ రాయండి. లిస్ట్, లాగ్, క్లీన్. తెలియని మాటొస్తే స్టాండర్డ్ ఎర్రర్‌లో వాడుక చూపించి, సున్నా కాని కోడ్‌తో బయటకు రండి.

ఒక్క షిఫ్ట్‌తో సరిపోయిందని ఇక్కడే ఆపేస్తే గుంటలో పడినట్టే. ఆఫీసు ల్యాప్‌టాప్ నెల్లూరులో, సర్వరు ఒంగోలులో, దానికి ఒంగోలు అనే కాంటెక్స్ట్, అంటే ఏ మెషిన్లోని డాకర్‌తో మాట్లాడాలో చెప్పే సెట్టింగు. ఎవరో 'డాకర్ హైఫన్ హైఫన్ కాంటెక్స్ట్ ఒంగోలు గుంట క్లీన్' అని కొట్టారు. డాకర్ తనకొచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ ఉన్నవున్నట్టే మన ఫైలుకి ఇచ్చేస్తుంది. అంటే మొదట వచ్చేది కాంటెక్స్ట్ ఫ్లాగు, తర్వాత ఒంగోలు, ఆ తర్వాత గుంట. ఒక్క షిఫ్ట్ వేసిన స్క్రిప్టు 'ఒంగోలు అనే సబ్‌కమాండ్ లేదు' అని ఆగిపోతుంది. ఆగితే మంచిదే. గుంట అనే మాట వచ్చేదాకా షిఫ్ట్ చేసుకుంటూ పోయి, లోపల మామూలుగా డాకర్ అని పిలిచారనుకోండి, కాంటెక్స్ట్ రాలిపోతుంది. ఒంగోల్లో తుడవమంటే నెల్లూరు ల్యాప్‌టాప్‌లో తుడిచేస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

కాబట్టి గుంట కంటే ముందొచ్చినవన్నీ ఒక బాష్ అర్రేలో దాచుకోండి, లోపల డాకర్‌ని పిలిచే ప్రతిచోటా ముందు ఆ అర్రే పెట్టండి. కాంటెక్స్ట్‌కి కూడా గుంట అనే పేరు పెట్టేరు, లూప్ అక్కడే ఆగిపోతుంది! ఇదంతా ఎందుకబ్బా అనుకుంటే, డాకర్ అండర్‌స్కోర్ కాంటెక్స్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒంగోలు అని పెట్టండి, అది లోపలి డాకర్‌కి దానంతటదే అందుతుంది.

క్లీన్‌లో డాకర్ ఆర్‌ఎమ్ ఎఫ్ వద్దు. లేబుల్ ఫిల్టరుతో కంటైనర్ ప్రూన్ వాడండి, అది ఆగిపోయిన కంటైనర్లనే తీస్తుంది. వాల్యూమ్ జోలికి పోవద్దు, సీజనంతా తీసిన కొలతలు అందులోనే ఉండాయి.

సుడోతో డాకర్ నడిపేవాళ్లకి మామూలుగా ఈ ప్లగిన్ కనపడదు. అప్పుడు హోమ్ డైరెక్టరీ రూట్‌ది అవుతుంది కాబట్టి. అందరికీ అందాలంటే స్లాష్ యూఎస్ఆర్, లోకల్, లిబ్, డాకర్, దాన్లో సీఎల్ఐ ప్లగిన్స్ ఫోల్డర్లో పెట్టి సీహెచ్‌మాడ్ 755 ఇవ్వండి.

సబ్‌కమాండ్లు ఐదారు దాటి, ఫ్లాగులు పెరిగితే షెల్ వదిలేసి గో భాషకి మారడం మేలు. డాకర్ సీఎల్ఐ రిపోలో హలోవరల్డ్ అనే నమూనా ప్లగిన్ ఉంది, అదే ఎత్తుకుని మార్చుకోండి. కాంటెక్స్ట్ ఫ్లాగుల గొడవ అదే చూసుకుంటుంది. ఒక్క జాగ్రత్త. సబ్‌కమాండ్‌కి మీరు సొంతంగా పర్సిస్టెంట్ ప్రీ రన్, అంటే కమాండ్ కంటే ముందు నడిచే ఫంక్షన్ రాస్తే, ఈ కమాండ్లను నడిపే గో లైబ్రరీ కోబ్రా మీదొక్కటే నడిపి పైదాన్ని వదిలేస్తుంది. మీ ఫంక్షన్ మొదటి లైన్లో ప్లగిన్ ప్యాకేజీలోని పర్సిస్టెంట్ ప్రీ రన్ ఈని మీరే పిలవండి, లేదంటే డాకర్ క్లయింట్ సిద్ధం కాకుండానే మీ కోడ్ మొదలవుతుంది.