తోడేలును వెనక్కి పిలిచిన రచయిత్రి

సమన్వయకర్త: నమస్కారం. ఈ వారం చర్చ ఒకే ఒక్క రచయిత్రి మీద. డయాన్ ఫార్చ్యూన్. 1890లో వేల్స్‌లోని ల్లాన్‌డుడ్నోలో పుట్టారు, 1946లో పోయారు. అసలు పేరు వయొలెట్ మేరీ ఫర్త్. మంత్రవిద్య సాధన చేస్తూ, అదే విద్య చుట్టూ నేరకథలు రాశారు. స్టూడియోలో ఒక నవలా రచయిత్రి, ఒక విమర్శకుడు, ఒక న్యాయవాది ఉన్నారు. మేడమ్, మీరు మొదలుపెట్టండి. ఆవిడ రాసినవి క్షుద్ర కథలేనా?

నవలా రచయిత్రి: ఆ మాట వద్దండి. క్షుద్రం అనగానే మనకు పుస్తకం అట్ట మీద పుర్రె కనిపిస్తుంది. ఆవిడ కథల్లో ఉండేది ఒక నర్సింగ్ హోమ్. డాక్టర్ టావర్నర్ అనే వైద్యుడు, యుద్ధం నుంచి తిరిగొచ్చి ఆయన దగ్గర చేరిన రోడ్స్ అనే మరో వైద్యుడు. కథంతా రోడ్సే చెబుతాడు. ఆ కథలు 1922లో పత్రికలో మొదలై, 1926లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో మంత్రం డ్యూటీ లాంటిది. పద్ధతి ఉంటుంది, అలసట ఉంటుంది, చేసినవాడి మీద బరువు పడుతుంది.

విమర్శకుడు: అంటే హోమ్స్, వాట్సన్ జంటకు మంత్రదండం ఇచ్చారన్నమాట. నా అభ్యంతరం అక్కడే. డిటెక్టివ్ కథంటే పాఠకుడితో ఒప్పందం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే డిటెక్టివ్ కథల రచయిత ఆ ప్రక్రియకు పది నియమాలు రాస్తే, అందులో ఒకటి మానవాతీత శక్తులను మొదట్లోనే పక్కన పెట్టాలని. కానన్ డాయిల్‌నే చూడండి. ఆత్మలతో మాట్లాడవచ్చని ఊరూరా తిరిగి ప్రసంగించిన మనిషి. అయినా హోమ్స్ గుమ్మంలోకి ఒక్క దెయ్యాన్నీ రానివ్వలేదు. తన నమ్మకం వేరు, పాఠకుడికిచ్చిన మాట వేరు అని ఆయనకు తెలుసు.

నవలా రచయిత్రి: ఆ గీత గీసుకున్నందుకు డాయిల్ మీద నాకూ గౌరవమే. కానీ ఫార్చ్యూన్ ఆ మాట తప్పారని ఎందుకంటారు? మంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే చెప్పేస్తే పాఠకుడు మోసపోడు కదా. విషం ఎలా పనిచేస్తుందో చెప్పి హత్య రాసినట్టే.

విమర్శకుడు: విషాన్ని ప్రయోగశాలలో పరీక్షించవచ్చండి.

నవలా రచయిత్రి: నిజమే. మరి ద్వేషాన్ని? ఒక సంఘటన చెబుతాను. ఆవిడకు ఇరవై ఏళ్లప్పుడు ఒక విద్యాసంస్థలో పనిచేసేవారు. అక్కడి పెద్దావిడతో గొడవొచ్చింది. మానేసి వెళ్లిపోతానని చెప్పడానికి గదిలోకి వెళ్లారు. ఆ పెద్దావిడ కళ్లలోకి గుచ్చి చూస్తూ ఒకటే మాట, మళ్లీ మళ్లీ అదే: నువ్వు చేతకానిదానివి, నీకు నీ మీద నమ్మకం లేదు. ఉదయం పదింటికి లోపలికి వెళ్లిన అమ్మాయి మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చింది. నాలుగు గంటలు. తర్వాత మూడేళ్లు మనిషి కోలుకోలేదని ఆవిడే 1930లో మానసిక దాడుల నుంచి ఆత్మరక్షణ గురించిన తన పుస్తకంలో రాశారు. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. ఏ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకుంటారు చెప్పండి?

సమన్వయకర్త: సార్, ఈ ప్రశ్న మీకే.

న్యాయవాది: ఆ రోజుల్లో ఎవరూ రాసుకునేవారు కాదు. ఇంగ్లాండ్ చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1735 నాటి మంత్రగత్తెల చట్టం మంత్రాన్ని నేరం అనలేదు. మంత్రశక్తి ఉందని నటించడాన్ని నేరం అంది, ఏడాది దాకా జైలు పెట్టింది. ఆ చట్టం కిందే 1944లో హెలెన్ డంకన్ అనే మీడియంకు, అంటే ఆత్మలను పలికిస్తానన్న ఆవిడకు, తొమ్మిది నెలల శిక్ష వేశారు. 1951 దాకా దాన్ని రద్దు చేయలేదు. అంటే ఫార్చ్యూన్ బతికున్నంత కాలం, చట్టం కళ్లకు మంత్రసాధకుడనేవాడు ఉంటే మోసగాడు, లేకపోతే లేడు. మంత్రంతో నిజంగా కీడు చేసినవాడికి అందులో చోటే లేదు. చట్టానికి అందని ఆ చోటులో ఆవిడ టావర్నర్‌ను కూర్చోబెట్టారని నాకనిపిస్తుంది.

నవలా రచయిత్రి: ఎంత బాగా చెప్పారండీ! నేను ఇన్నేళ్లు చదివి ఆ కోణం చూడలేదు.

న్యాయవాది: ఒక కథ గురించి కూడా చెప్పాలి. క్షయతో చావుకు దగ్గరైన ఒక రోగి. సాధన తెలిసినవాడు. పక్కింటాయన భార్యను ప్రేమిస్తాడు. ఆ పక్కింటాయన మత్తుమందులకు బానిస. ఇతగాడు చివరికి ఆ మనిషి శరీరంలోకి దూరతాడు. నేను కోర్టు కళ్లతో చదివాను. శవం రోగిది, బతికున్న శరీరం భర్తది. వేలిముద్రలు సరిపోతాయి, సంతకం కూడా సరిపోతుందేమో. హత్య జరిగింది, కానీ హతుడు లేచి తిరుగుతున్నాడు. ముద్దాయి స్థానంలో ఎవరిని నిలబెట్టాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

విమర్శకుడు: కథగా అద్భుతం, ఒప్పుకుంటాను. నా బాధ కథ గురించి కాదు. ఆ పుస్తకం ముందుమాటలో ఆవిడ ఇవన్నీ నిజంగా జరిగిన కేసుల మీద ఆధారపడ్డవని, అచ్చుకు తగినట్టు తీవ్రత తగ్గించి రాశానని అన్నారు. ఎక్కడో మానసికంగా నలుగుతున్న మనిషి అది చదివి, నా జబ్బుకు కారణం ఫలానావాళ్లు చేయించిన ప్రయోగం అని నమ్మితే? కల్పన అని రాసుంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

నవలా రచయిత్రి: ఆ భయం అర్థవంతమైనదే, కొట్టిపారేయను. కానీ ఆవిడ లండన్‌లో ఒక క్లినిక్‌లో మనోవిశ్లేషకురాలిగా పనిచేసిన మనిషి. వచ్చిన ప్రతివాడి జబ్బునూ ప్రయోగం అనలేదు.

న్యాయవాది: దానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. 1929 నవంబర్‌లో స్కాట్లాండ్‌లోని అయోనా దీవిలో నెట్టా ఫోర్నారియో అనే సాధకురాలు ఆరుబయట శవమై కనిపించింది. ఫార్చ్యూన్‌కు తెలిసిన మనిషే. ఒంటి మీద గీరుకున్న గుర్తులున్నాయన్నారు. మంత్రసంఘం పెద్ద మోయినా మాథర్స్ చేసిన పనేనని కొందరు వేలెత్తి చూపారు. మోయినా 1928 జులైలోనే చనిపోయారు!

సమన్వయకర్త: ఏడాది ముందే?

న్యాయవాది: ఏడాది దాటింది. ఇక ఫార్చ్యూన్ ఏం రాశారో చూడండి. ఆ మోయినాతో తనకూ పాత వైరం ఉంది. నింద వేయడానికి ఇంతకన్నా సులువైన సందర్భం దొరకదు. వేయలేదు. దాడి కావచ్చు, ధ్యానంలో ఎక్కువసేపు ఉండిపోతే చలికి శరీరం గడ్డకట్టి ఉండవచ్చు, లేదా తాను ప్రేమించిన మరో లోకంలోకే జారిపోయి ఉండవచ్చు, ఎవరు చెప్పగలరు అని వదిలేశారు. దర్యాప్తు చేసేవాడికి ఉండాల్సిన నిగ్రహం అది.

విమర్శకుడు: ఇది నాకు కొత్త సంగతి. ఇదే పరిస్థితిలో అలీస్టర్ క్రౌలీ అనే రచయిత అయితే వదిలేవాడు కాదు. ఆయనా సాధకుడే, ఆయనా సైమన్ ఇఫ్ అనే డిటెక్టివ్‌ను సృష్టించాడు. కానీ 1929లో వచ్చిన నవలలో తన పాత మంత్రసంఘంలోని మోయినా భర్త మాథర్స్‌నూ, కవి యేట్స్‌నూ పేర్లు మార్చి దుర్మార్గులుగా నిలబెట్టాడు. కక్ష తీర్చుకోవడానికి నవల రాశాడు.

నవలా రచయిత్రి: నేను ఆవిణ్ని ప్రేమించే కారణం సరిగ్గా అక్కడుంది. తోడేలు సంగతి చెప్పనివ్వండి. ఒకసారి తనకు అన్యాయం చేసిన మనిషి మీద కోపంతో ఆవిడ మంచం మీద పడుకుని ఉన్నారు. సగం నిద్ర. పగ తీర్చుకోవాలన్న ఆలోచన, దానితో పాటు ఉత్తర దేశాల పురాణంలోని ఫెన్రిర్ అనే తోడేలు మనసులో మెదిలాయి. పొట్ట పైభాగం నుంచి ఏదో లాగేసినట్టయింది. పక్కకు చూస్తే మంచం మీద తనకు వీపు ఆనించి పెద్ద బూడిదరంగు తోడేలు. బరువు తెలుస్తోందట. కదిలితే గుర్రుమంది. భయాన్ని అణచుకుని, కుక్కను అదిలించినట్టు అదిలించి దింపారు.

విమర్శకుడు: అది నిద్రకూ మెలకువకూ మధ్య వచ్చే భ్రమ అని వైద్యులంటారు.

నవలా రచయిత్రి: అననివ్వండి. తర్వాత ఆవిడ చేసిన పని చూడండి. దాన్ని శత్రువు మీదికి పంపే అవకాశం చేతిలోనే ఉంది. ముందు ఆ పగను వదులుకున్నారు. అప్పుడు తోడేలును పిలిచి, దానికీ తనకూ మధ్య ఉన్న వెండి దారంలాంటి దాని వెంట ఆ శక్తిని మళ్లీ తనలోకే లాక్కున్నారు. అలా లాక్కుంటున్నప్పుడు ఆ కోపమంతా మళ్లీ ఒళ్లంతా పాకి, చీల్చి చెండాడాలనిపించిందట. అదంతా ఓర్చుకున్నారు. నేరకథ రాసే మనలో చాలామందికి హంతకుడు ఎక్కడో బయటివాడండి. ఆవిడకు అలా కాదు. ఆయుధం తన పొట్టలోంచి వచ్చింది, దాని బరువు తన ఒంటికి తెలుసు. టావర్నర్ రోగుల ముందు న్యాయమూర్తిలా కూర్చోకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

విమర్శకుడు: ముందుమాట మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంచుతున్నాను.

నవలా రచయిత్రి: ఉంచండి సార్, ఉండాల్సిందే.

సమన్వయకర్త: సమయం అయిపోవచ్చింది. లాయర్ గారూ, ఆ క్షయ రోగి కథలో ముద్దాయి ఎవరో తేల్చకుండానే వెళ్తున్నాం.

న్యాయవాది: నేనైతే ఆ భార్యను సాక్షిగా పిలుస్తాను. ఇంటికొచ్చిన మనిషి ఎవరో ఆవిడకు మొదటి రోజే తెలిసి ఉంటుంది.