నొప్పి తగ్గింది నిజమే, కానీ ఎందుకు తగ్గింది?

శ్రోతలకు నమస్కారం.

మోచేయి తలుపు అంచుకు తగిలితే ఎవరూ నేర్పకుండానే అక్కడ గబగబా రుద్దుకుంటాం. రుద్దగానే నొప్పి కాస్త తగ్గుతుంది. దెబ్బ తగిలిన చోట మాత్రం మారిందేమీ లేదు. మరి ఎలా తగ్గింది?

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. స్పర్శను, ఒత్తిడిని మోసుకెళ్ళే నరాల పోగులు లావుగా ఉంటాయి, వేగంగా పనిచేస్తాయి. నొప్పిని మోసే పోగులు సన్నవి, నెమ్మది. రెండూ వెన్నుపాములోకి చేరే చోట గేటు లాంటి ఏర్పాటు ఒకటి ఉందనీ, స్పర్శ జోరుగా వస్తుంటే ఆ గేటు నొప్పికి కొంత మూసుకుంటుందనీ వాళ్ళు చెప్పారు. తర్వాత వివరాలు కొన్ని మారినా అసలు ఆలోచన నిలిచింది. చర్మానికి ప్యాడ్లు అతికించి సన్నగా కరెంటు పంపే టెన్స్ యంత్రం ఈ ఆలోచన మీదే పనిచేస్తుంది. మసాజ్ వల్ల కలిగే హాయిలోనూ దీనికి వాటా ఉంది.

నొప్పిని తగ్గించే ఏర్పాటు మెదడులోనూ ఉంది. ఎండార్ఫిన్లనే రసాయనాలను అది స్వయంగా తయారు చేసుకుంటుంది. 1978లో పన్ను పీకించుకున్న వాళ్ళతో ఒక ప్రయోగం జరిగింది. మందు లేని ఉత్త ఇంజెక్షన్‌తోనే కొందరికి నొప్పి తగ్గింది. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు ఇవ్వగానే వాళ్ళకు నొప్పి మళ్ళీ పెరిగింది. అంటే నమ్మకంతో తగ్గిన నొప్పి భ్రమ కాదు, శరీరంలో నిజంగానే ఏదో జరిగింది. "నీదంతా మనసులోనే ఉంది" అని నొప్పితో ఉన్నవాళ్ళను కొట్టిపారేయడం అందుకే అన్యాయం.

ఒంట్లో కొన్ని బిందువుల్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ సంగతి చూడండి. చాలాకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 1162 మందితో జర్మనీలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత, సరైన బిందువుల్లో సూదులు గుచ్చినవాళ్ళలో నూటికి సుమారు 47 మందికి మేలు కనిపించింది. వేరే చోట్ల పైపైన గుచ్చినవాళ్ళలో 44 మందికి. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళలో 27 మందికి. నాకు అర్థమైంది ఏమిటంటే, సూది ఎక్కడ గుచ్చారన్నది అంత ముఖ్యం కాదు. అరగంట ప్రశాంతంగా పడుకోవడం, ఒకరు శ్రద్ధగా చూడటం, చర్మానికి అందే ఆ చిన్న పోటు, తగ్గుతుందన్న ఆశ, ఇవన్నీ కలిసి పనిచేస్తున్నాయి.

ఇక నడుమో మెడో విరిచినప్పుడు వచ్చే 'టక్' శబ్దం. ఎముక తన చోటికి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. 2015లో వేళ్ళు విరుస్తుండగా ఎంఆర్ఐ తీసి చూస్తే కనిపించింది వేరు. కీలు లోపలి ద్రవంలో హఠాత్తుగా ఒక ఖాళీ బుడగ ఏర్పడుతోంది. అంతే. ఆ తర్వాత కాసేపటిదాకా అదే కీలును మళ్ళీ విరిచినా శబ్దం రాదు. చుట్టూ ఉన్న కండరాలు కొంచెం వదులై కొంతసేపు సుఖంగా ఉండటం మాత్రం నిజమే.

నన్ను బాధపెట్టేది చికిత్స కాదు, దానితో పాటు చెప్పే మాట. "నీ డిస్క్ జరిగింది, వంగావంటే ఇక అంతే" అని ఒకసారి వింటే మనిషి ఏళ్ళ తరబడి వంగడానికే భయపడతాడు. కదలకపోతే కండరాలు బలహీనపడతాయి, బలహీనపడితే నొప్పి ఇంకా పెరుగుతుంది. మసాజ్ అయినా, కాపడం అయినా, సూదులైనా ఇచ్చేది కొన్ని గంటలో రోజులో ఉపశమనం. నడవడానికి, వ్యాయామం చేయడానికి పనికొచ్చే సమయం అదే. అరిగిన మోకాళ్ళకు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు ఎక్కువైతే తగ్గించుకోవడం బాగా రుజువైన మార్గాలు. యోగా, నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం తై చీ చేసే మేలులోనూ ఎక్కువ భాగం కదలికదే. కీళ్ళ నొప్పులకని వాడే గ్లూకోసమిన్ బిళ్ళల మీద నాకు పెద్దగా ఆశ లేదు. 2006లో వచ్చిన పెద్ద అమెరికా అధ్యయనంలో మొత్తం మీద అవి ఉత్తుత్తి బిళ్ళల కంటే మెరుగ్గా పనిచేయలేదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఈ చికిత్సల జోలికి వెళ్ళకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నడుం నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, జ్వరంతో కీలు వాచి ఎర్రబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఎముకలు గుల్లబారినవాళ్ళు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు వెన్ను విరిపించుకోకూడదు. మెడను విసురుగా తిప్పడం ఎవరికైనా ప్రమాదమే. అరుదుగానైనా మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలి పక్షవాతం వస్తుంది.

పేరూ వివరాలూ లేని పొడులు, బిళ్ళలతో కూడా జాగ్రత్త. ఎన్నాళ్ళ నుంచో ఉన్న కీళ్ళ నొప్పి రెండు రోజుల్లో మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానేయకండి. శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం తగ్గించేసి ఉండవచ్చు, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం పట్టుకెళ్ళి డాక్టర్‌కు చూపించండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్ళు చెబుతారు.